మేరీవిల్ ఊరా, పల్లెటూరా? పదివేల జనాభా వెనకాల ఉన్న అసలు లెక్క

నమస్తే అండీ. మీ అమ్మాయికి నార్త్‌వెస్ట్ మిస్సోరీ స్టేట్ యూనివర్సిటీలో ఎం.ఎస్. సీటు వచ్చింది, ఊరి పేరు మేరీవిల్, గూగుల్లో చూస్తే జనాభా పదివేలు అంటోంది, మా మండల హెడ్‌క్వార్టర్ కంటే చిన్న ఊరిని పట్టుకుని కౌంటీ సీట్ (మన జిల్లా కేంద్రం లాంటిది) అంటున్నారు అదేంటి, అసలు ఆ ఊరి కథేంటి అని అడిగారు. నేను అక్కడ రెండేళ్ళు చదివి, తర్వాత ఏడాదిన్నర అదే ఊళ్ళో చిన్న ఉద్యోగం చేసి ఇప్పుడు కాన్సాస్ సిటీలో ఉంటున్నాను. తెలిసింది రాస్తున్నా, కాస్త పొడుగవుతుంది, టీ పక్కన పెట్టుకుని చదవండి.

ముందు ఒక జాగ్రత్త. అమెరికాలో మేరీవిల్‌లు బోలెడు. సెయింట్ లూయిస్ దగ్గర మేరీవిల్ యూనివర్సిటీ అని వేరే ప్రైవేటు యూనివర్సిటీ ఉంది, దానికీ మన ఊరికీ సంబంధం లేదు. మా బ్యాచ్‌లో ఒకతను పేరు చూసి సెయింట్ లూయిస్‌కి టికెట్ తీసేసుకున్నాడు, దిగాక తెలిసింది ఇంకా అయిదారు గంటల డ్రైవ్ ఉందని. టెన్నెసీలో ఒక మేరీవిల్ ఉంది, అది బ్లౌంట్ కౌంటీకి సీట్, అప్పటి గవర్నర్ విలియం బ్లౌంట్ భార్య మేరీ పేరు పెట్టారు. కాన్సాస్‌లో మేరీస్‌విల్ ఉంది, అది మార్షల్ కౌంటీకి సీట్, అక్కడ మార్షల్ అనే ఆయన భార్య మేరీ. అంటే కౌంటీకి మొగుడి పేరు, ఊరికి పెళ్ళాం పేరు అన్నమాట. మీ అమ్మాయి వెళ్ళే ఊరిది మిస్సోరీలో నాడవే కౌంటీ, ఇక్కడ కౌంటీకి నది పేరు వచ్చింది గానీ ఊరికి మాత్రం మళ్ళీ మేరీయే, కౌంటీ క్లర్కుగా చేసిన ఏమస్ గ్రాహం భార్య మేరీ గ్రాహం. టికెట్ మాత్రం కాన్సాస్ సిటీ ఎయిర్‌పోర్ట్‌కే తీయండి. ఆ ఎయిర్‌పోర్ట్ సిటీకి ఉత్తరం వైపు ఉంటుంది కాబట్టి మనకి కలిసొస్తుంది, అక్కణ్ణించి 80 మైళ్ళ లోపే.

మ్యాప్ తీసి మిస్సోరీకి వాయవ్యం మూల చూడండి. పైన అయోవా, ఎడమ పక్క మిస్సోరీ నది దాటితే నెబ్రాస్కా, కింద ఎడమకి కాన్సాస్. ఊరి నుంచి ఇరవై మైళ్ళు ఉత్తరానికి పోతే అయోవా బోర్డర్ వచ్చేస్తుంది. దక్షిణాన సెయింట్ జోసెఫ్ 45 మైళ్ళు, కాన్సాస్ సిటీ 90 పైన, ఒమాహా ఓ వంద. నిలువుగా యూఎస్ 71, అడ్డంగా యూఎస్ 136, ఈ రెండు రోడ్లు కలిసే చోటే ఊరు. రైలెక్కి వెళ్ళిపోదాం అనుకోకండి, ప్యాసింజర్ రైలు ఎప్పుడో పోయింది, కారున్నవాడే రాజు.

నేల గురించి చెప్పాలి. అందరూ మిడ్‌వెస్ట్ అంటే బల్లపరుపు అనుకుంటారు, ఇక్కడ అలా కాదు, దుప్పటి దులిపి వదిలేస్తే మడతలు మడతలుగా పడినట్టు ఉంటుంది నేల, కారు ఎక్కుతూ దిగుతూ పోతుంది. మట్టి నల్లగా మెత్తగా ఉంటుంది. అటూ ఇటూ మొక్కజొన్న, సోయా, మధ్యలో పచ్చిక, ఆవులు. రోడ్లు గళ్ళ కాగితం గీసినట్టు మైలుకొకటి ఉంటాయి, 1800ల్లో సర్వే వాళ్ళు భూమిని మైలు మైలు చదరాలుగా కోసి పెట్టిన లెక్క అది, ఒక్కో చదరం 640 ఎకరాలు, దాన్ని నాలుగు చేస్తే 160, ఆ 160 ఎకరాలు ఒక కుటుంబం సేద్యం అని అప్పట్లో లెక్క. ఈ 160 అంకె గుర్తు పెట్టుకోండి, జనాభా దగ్గర మళ్ళీ వస్తుంది. ఊరి పక్క నుంచి పారే ఏటి పేరు వన్ హండ్రెడ్ అండ్ టూ, అంటే నూట రెండు. నదికి నంబర్ ఏంట్రా అని మేం తెగ నవ్వుకునేవాళ్ళం, ఎందుకొచ్చిందో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు.

ఇప్పుడు కౌంటీ సీట్ సంగతి. మన జిల్లా కేంద్రం లాంటిదే, కౌంటీ ప్రభుత్వం కూర్చునే ఊరు కాబట్టి సీట్. కోర్టు, షెరీఫ్, జైలు, భూముల రికార్డులు, పన్నుల లెక్కలు అన్నీ అక్కడే. కాకపోతే మన జిల్లాని మనసులో పెట్టుకుంటే తప్పుదారి పడతారు. తెలంగాణ లక్షా పన్నెండు వేల చదరపు కిలోమీటర్లు, 33 జిల్లాలు. మిస్సోరీ లక్షా ఎనభై వేలు, కౌంటీలు 114, ఇవి కాక సెయింట్ లూయిస్ సిటీ వేరే. నాడవే వాటిల్లో పెద్దవాటిల్లో ఒకటి, 878 చదరపు మైళ్ళు, అంటే మన హైదరాబాద్ జిల్లా లాంటివి పది పడతాయి. 2011 లెక్కల్లో హైదరాబాద్ జిల్లాలో 39 లక్షల మంది ఉన్నారు. దానికి పదింతలున్న నాడవేలో 2020 లెక్క ప్రకారం 21,241 మంది. అంతే. చదరపు కిలోమీటరుకి పదిమంది కూడా లేరు.

ఇంకో తేడా, ఇక్కడ పైనుంచి ఐఏఎస్‌ని పంపరు. షెరీఫ్, ప్రాసిక్యూటర్, పన్ను కోసం ఆస్తుల విలువ కట్టే అసెసర్, కౌంటీని నడిపే కమిషనర్లు అందరూ ఓట్లేసి ఎన్నుకున్న వాళ్ళే. ఎన్నికలొస్తే షెరీఫ్ పోస్టుకి ఇళ్ళ ముందు బోర్డులు పాతుతారు, మొదటిసారి చూసినప్పుడు నాకు భలే వింతగా అనిపించింది, ఎస్పీ గారు ఓట్లడగడం ఏంటని. మిస్సోరీలో కలెక్టర్ అనే మాట కూడా ఉంది, కానీ ఆయన నిజంగా పన్ను వసూలు చేసే మనిషి, అంతకు మించి ఏమీ లేదు. ఆ మాటకొస్తే కంపెనీ వాళ్ళ రోజుల్లో మన కలెక్టర్ పేరు కూడా శిస్తు వసూలు నుంచి వచ్చిందే కదా, వాళ్ళ దగ్గర పని పేరుతోనే ఆగిపోయింది, మన దగ్గర బంగళా, బిళ్ళ బంట్రోతు చేరాయి.

ఊరు నడిబొడ్డున స్క్వేర్ ఉంటుంది, నాలుగు వైపులా పాత ఇటుక షాపులు, మధ్యలో కోర్ట్‌హౌస్. ఎర్ర ఇటుక, పొడుగాటి టవర్, 1880ల మొదట్లో కట్టారు, సెయింట్ జోసెఫ్‌కి చెందిన ఎకెల్, మాన్ అనే ఆర్కిటెక్టుల డిజైన్. మనకి ఊరి మధ్య గుడి ఎలాగో వాళ్ళకి ఆ కోర్ట్‌హౌస్ అలాగ, దూరం నుంచి టవర్ కనపడితే ఊరొచ్చేసిందని తెలుస్తుంది.

చరిత్ర కాస్త వెనక్కి వెళ్ళి చెప్పాలి, ఎందుకంటే ఈ నేల మొదట్లో మిస్సోరీలోనే లేదు. 1821లో మిస్సోరీ రాష్ట్రం అయినప్పుడు పడమటి సరిహద్దు కాన్సాస్ సిటీ దగ్గర నుంచి నిటారుగా పైకి గీసిన గీత. ఆ గీతకీ మిస్సోరీ నదికీ మధ్య మిగిలిన ముక్క అయోవే, సాక్, ఫాక్స్ తెగల వాళ్ళది. భూమి మంచిది, నది పక్కన ఉంది, తెల్ల రైతుల కన్ను పడింది. 1836లో ఫోర్ట్ లెవెన్‌వర్త్‌లో ఒప్పందం రాయించుకున్నారు, రాయించినాయన విలియం క్లార్క్, 1804లో అన్వేషకుడు లూయిస్‌తో కలిసి ఇదే మిస్సోరీ నది మీద పడవల్లో వచ్చి నాడవే నది కలిసే చోట మకాం వేసినాయనే. తెగల వాళ్ళకి ముట్టింది 7,500 డాలర్లు. దీన్ని ప్లాట్ పర్చేజ్ అంటారు. ఆరు కౌంటీలంత భూమి, మూడు వేల చదరపు మైళ్ళ పైన, మీరే భాగించి చూడండి మైలు చదరానికి ఎంత పడిందో, రెండున్నర డాలర్లు కూడా పడదు. 1837లో మిస్సోరీలో కలిపేశారు. మిస్సోరీ బానిసత్వం ఉన్న రాష్ట్రం, అంటే ఆ ముక్క కూడా బానిసల నేల అయిపోయింది. అయోవే వాళ్ళని నది అవతలికి, ఇప్పటి కాన్సాస్ నెబ్రాస్కా సరిహద్దుకి పంపేశారు. వాళ్ళ వారసులు ఇప్పటికీ అక్కడ ఉన్నారు, మేరీవిల్ నుంచి కారులో గంటా గంటన్నర.

1845 ఫిబ్రవరిలో నాడవే కౌంటీ ఏర్పడింది, అదే ఏడాది ఊరికి ప్లాన్ గీసి స్థలాలు అమ్మారు. కౌంటీ సీట్‌ని మధ్యలో పెట్టడం వెనక లెక్క సింపుల్, ఏ మూల రైతైనా బండి కట్టుకుని కోర్టు పని చూసుకుని చీకటి పడేలోపు ఇంటికి చేరగలగాలి. 1860ల చివరికి రైలు వచ్చింది, ఇక జనం వరదలా వచ్చి పడ్డారు. పక్కనే కన్సెప్షన్ అనే చోట స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన బెనెడిక్టైన్ సన్యాసులు 1873లో మఠం పెట్టారు, ఇప్పటికీ ఉంది, పొలాల మధ్య నుంచి పోతుంటే ఉన్నట్టుండి పెద్ద బాసిలికా చర్చి కనపడుతుంది. దాని పక్కన క్లైడ్‌లో సిస్టర్ల మఠం, చర్చిల్లో ప్రసాదంగా ఇచ్చే పల్చటి రొట్టె బిళ్ళలు అక్కడ తయారై అమెరికా మొత్తం పోతాయి. క్రైస్తవులైనా కాకపోయినా ఓసారి వెళ్ళి చూడమనండి, నిశ్శబ్దం అంటే ఏంటో అక్కడ తెలుస్తుంది.

సరే, మీరు అసలు అడిగింది జనాభా. పదివేలు అనే అంకెని ఒంటరిగా చూస్తే ఏమీ అర్థం కాదండీ, కౌంటీ అంకె పక్కన పెట్టి చూడాలి. 1900 సెన్సస్‌లో నాడవే కౌంటీ జనాభా 32,938, మేరీవిల్ జనాభా 4,577. అంటే నూటికి పద్నాలుగు మంది ఊళ్ళో, మిగతా అందరూ పొలాల్లో, చిన్న చిన్న పల్లెల్లో. 1950కి కౌంటీ 24,033కి పడిపోయింది, ఊరు 6,834కి పెరిగింది. 2020కి కౌంటీ 21,241, ఊరు 10,633. ఇప్పుడు సరిగ్గా సగం మంది ఊళ్ళో ఉన్నారు. నూట ఇరవై ఏళ్ళలో కౌంటీ మూడో వంతు జనాన్ని పోగొట్టుకుంటే కౌంటీ సీట్ మాత్రం రెండింతలు దాటింది. ఊరు పెరిగింది అనేకంటే చుట్టూ ఉన్నది ఖాళీ అయ్యింది అనడం కరెక్ట్.

ఎందుకు ఖాళీ అయ్యిందో నాకు సెన్సస్ టేబుల్ చూస్తే తెలియలేదు, ఒక పెద్దాయన చూపిస్తే తెలిసింది. మా ఇంటి ఓనర్‌కి తెలిసిన రైతు, డెబ్భై పైన ఉంటాయి, అక్టోబర్ కోతలప్పుడు నన్ను కంబైన్‌లో, అంటే కోత మిషన్‌లో, పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. లోపల ఏసీ, రెండు స్క్రీన్లు, స్టీరింగ్ దానంతట అదే తిరుగుతుంది, ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఎకరానికి 180 బుషెల్స్ చూపిస్తోంది స్క్రీన్, మన లెక్కలో 45 క్వింటాళ్ళు, మా నాన్న చూస్తే కళ్ళు తిరిగేవి. మధ్యలో మిషన్ ఆపి పొలం అంచున నాలుగు ముసలి చెట్లు చూపించాడు. వసంతంలో వస్తే ఆ చెట్ల కింద పసుప్పచ్చ డాఫడిల్ పూలు వరసగా పూస్తాయి అన్నాడు. పొలంలో డాఫడిల్స్ ఎవరు నాటారండీ అంటే, అది పొలం కాదు అక్కడ ఇల్లుండేది, ఆ పూలు గుమ్మం ముందు ఆవిడ వేసుకున్నవి, ఇల్లు కూల్చేశాం, బావి పూడ్చేశాం, దుంపలు మాత్రం ఏటా లేస్తాయి అన్నాడు. ఆయన చిన్నప్పుడు ఆ ఒక్క మైలు చదరంలో ఆరేడు ఇళ్ళు ఉండేవంట, ఇప్పుడు రాత్రి లైటు వెలిగేది ఆయన ఇంట్లోనే. గుర్రాలతో 160 ఎకరాలు దున్నడానికి ఒక కుటుంబం మొత్తం కావాలి, ట్రాక్టర్ వచ్చాక అదే కుటుంబం 400 చేసింది, ఇప్పుడు ఆయనా కొడుకూ కలిసి రెండు వేల ఎకరాలు చేస్తున్నారు. ఇళ్ళు పోయాక స్కూలు మూతపడింది, స్కూలు పోయాక కొట్టు, కొట్టు పోయాక చర్చి. ఇదంతా ఆయన ఏడుస్తూ చెప్పలేదు, మొక్కజొన్న ధర చెప్పినట్టు చెప్పాడు. ఆ తర్వాత నుంచి ఆ రోడ్ల మీద ఎప్పుడు వెళ్ళినా పొలాల మధ్య నాలుగు చెట్లు గుంపుగా కనపడితే చాలు, అక్కడ ఎవరో ఉండేవాళ్ళు అని లెక్క పెట్టుకుంటూ పోవడం నాకు అలవాటైపోయింది.

మరి ఇంత ఖాళీ అయినా మేరీవిల్ ఎందుకు నిలబడింది అంటే, ఒకటి కౌంటీ సీట్ కావడం, రెండోది కాలేజీ, ఈ రెండోదే పెద్దది. కౌంటీ సీట్ ఒక్కటే సరిపోదు, పక్క కౌంటీల్లో సీట్లు చూడండి, చాలావరకు రెండు వేల లోపు జనంతో ఈగలు తోలుకుంటున్నాయి. 1905లో రాష్ట్రం ఈ మూలకి ఒక నార్మల్ స్కూల్ ఇస్తామంది, అంటే టీచర్ ట్రైనింగ్ కాలేజీ. చుట్టుపక్కల ఊళ్ళు మాక్కావాలంటే మాక్కావాలని కొట్టుకున్నాయి, మేరీవిల్ వాళ్ళు స్థలం, డబ్బు పోగేసి దక్కించుకున్నారు. అప్పటి ఆ చందాలే ఈరోజు మీ అమ్మాయి ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే కాగితం) దాకా వచ్చాయి.

ఇక్కడ ఒక చిన్న సంగతి. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలమ్మే ప్రతి బండి మీదా కనపడే డేల్ కార్నెగీ పుట్టింది మేరీవిల్‌లోనే, 1888లో, పేద రైతు ఇంట్లో. ఇందాక నవ్వుకున్నామే నూట రెండో నంబర్ ఏరు, అది పొంగి వాళ్ళ పంట ఏటా ముంచేసేదని ఆయనే రాసుకున్నాడు. చదువు కోసం ఆ కుటుంబం 1904 ప్రాంతంలో నార్మల్ స్కూల్ ఉన్న వారెన్స్‌బర్గ్‌కి వలస పోయింది. ఇంకో రెండేళ్ళు ఆగితే సొంత ఊళ్ళోనే కాలేజీ వచ్చేది. మా బ్యాచ్‌లో మేరీవిల్, వారెన్స్‌బర్గ్ రెండు చోట్లా అడ్మిట్ వచ్చి ఎటు పోదామా అని నెలలు కొట్టుకున్న వాళ్ళు చాలామంది, వాళ్ళకి ఈ కథ చెప్పి ఏడిపించేవాణ్ణి.

కాలేజీ 1906లో మొదలైంది, 1910లో కోట బురుజుల్లాంటి టవర్లున్న అడ్మినిస్ట్రేషన్ బిల్డింగ్ వచ్చింది, 1979 జూలైలో అందులో పెద్ద అగ్నిప్రమాదం, సగానికి పైగా కాలిపోయింది, మళ్ళీ నిలబెట్టుకున్నారు. యూనివర్సిటీ అని పేరు వచ్చింది 1972లో. 1987లో హాస్టల్ గదుల్లో కంప్యూటర్లు పెట్టి నెట్‌వర్క్‌తో కలిపారు, అమెరికా ప్రభుత్వ యూనివర్సిటీల్లో అలా చేసిన మొదటిది ఇదే. మన దగ్గర అప్పటికి ఇంట్లో ల్యాండ్‌లైన్ ఉంటేనే గొప్ప. 1980ల నుంచి క్యాంపస్‌ని వెచ్చబెట్టడానికి కట్టె ముక్కలు, తర్వాత చిత్తు కాగితాల గుళికలు కాల్చేవాళ్ళు, చలి దేశంలో ఆ గ్యాస్ బిల్లు ఆదా చిన్నదేం కాదు. చెట్లయితే ఎంత ఉన్నాయంటే 1993లో క్యాంపస్ మొత్తాన్ని మిస్సోరీ రాష్ట్ర అర్బొరేటమ్‌గా, అంటే చెట్ల తోటగా ప్రకటించారు, అక్టోబర్‌లో మీ అమ్మాయి పంపే ఫోటోలు చూసి మీకే అర్థమవుతుంది.

ఊరికి ఇంకో దేవుడు ఫుట్‌బాల్, మన సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్. యూనివర్సిటీ టీమ్ బేర్‌క్యాట్స్, కాలేజీ ఆటల్లో రెండో అంచె అయిన డివిజన్ టూలో ఆరుసార్లు నేషనల్ ఛాంపియన్స్, 1998, 1999, 2009, 2013, 2015, 2016. ఈ లిస్టులో 2009 ముందు ఖాళీ చూశారా, 2005 నుంచి 2008 దాకా వరసగా నాలుగేళ్ళు ఫైనల్‌కి వెళ్ళి నాలుగుసార్లూ ఓడిపోయారు, అయిదోసారి గెలిచారు. ఆ కథ ఊళ్ళో ఎవర్ని కదిపినా నిన్న జరిగినట్టు చెబుతారు. బాస్కెట్‌బాల్‌లో 2019లో 38 ఆడి 38 గెలిచారు. మ్యాచ్ రోజు ఊరంతా పచ్చ చొక్కాలే.

కాలేజీ కాకుండా కవసాకీ ఇంజిన్ల ఫ్యాక్టరీ ఉంది, 1989 నుంచి, గడ్డి కోసే మిషన్లలో పెట్టే ఇంజిన్లు చేస్తారు. తూర్పున మొజింగో లేక్ ఉంది, వెయ్యి ఎకరాల మనిషి చేసిన చెరువు, ఊరికి తాగునీరు అక్కణ్ణించే.

మళ్ళీ జనాభాకి వస్తే, 2010లో ఊరు 11,972, 2020లో 10,633. పడిపోయింది కదా, చచ్చిపోతున్న ఊరా అని భయపడకండి. 2020 సెన్సస్ తేదీ ఏప్రిల్ 1, అప్పుడు కోవిడ్, క్యాంపస్ ఖాళీ. రూల్ ప్రకారం స్టూడెంట్స్‌ని ఇంటికి వెళ్ళిపోయినా చదువుకునే ఊళ్ళోనే లెక్కెయ్యాలి, ఫారిన్ స్టూడెంట్స్‌ని కూడా. కానీ అద్దె ఇంట్లో ఉన్న నలుగురు కుర్రాళ్ళు వెళ్ళిపోతే ఆ ఫారం ఎవడు నింపుతాడు? తగ్గిన దాంట్లో అది ఎంతో కొంత ఉంటుందని నా అనుమానం, అంతా అదేనని మాత్రం అనను. యూనివర్సిటీలో చేరినవాళ్ళ సంఖ్య ఈమధ్య ఏళ్ళలో ఎనిమిది వేలు దాటింది, అందులో ఆన్‌లైన్ వాళ్ళు బాగా ఎక్కువ కాబట్టి అందరూ ఊళ్ళో ఉంటారనుకోకండి. అయినా ఆగస్టులో ఒక ఊరు, జూన్‌లో ఇంకో ఊరు అన్నట్టే ఉంటుంది. మనుషులు ఎవరంటే, పదిమందిలో దాదాపు తొమ్మిది మంది తెల్లవాళ్ళే, కాలేజీ వల్ల కుర్రకారు ఎక్కువ. మనవాళ్ళ సంగతి అడిగారు, కంప్యూటర్ కోర్సుల పుణ్యమా అని తెలుగు వాళ్ళకి లోటు లేదు, సాయంత్రం వాల్‌మార్ట్‌లో పాల సెక్షన్ దగ్గర నిలబడితే తెలుగు వినపడుతుంది. పెరుగు తోడుకి ఏ బ్రాండ్ మంచిది అనే చర్చ అక్కడే జరుగుతుంది. పప్పులు, పచ్చళ్ళు, కరివేపాకుకి మాత్రం మా రోజుల్లో అయిదుగురు కలిసి కారేసుకుని కాన్సాస్ సిటీ అవతల ఓవర్‌ల్యాండ్ పార్క్ దాకా పోయేవాళ్ళం, అటు నుంచి అటే షానీలో హిందూ టెంపుల్.

తండ్రిగా మీరు తెలుసుకోవాల్సిన ఇంకో ముక్క ఉంది, దాచి ప్రయోజనం లేదు. 1931 జనవరి 12న ఈ ఊళ్ళో రేమండ్ గన్ అనే నల్లజాతి యువకుణ్ణి, ఒక టీచర్ హత్య కేసులో విచారణ కోసం కోర్టుకి తీసుకొస్తుంటే గుంపు లాక్కెళ్ళి, ఆ హత్య జరిగిన బడి పైకప్పుకి గొలుసులతో కట్టి, బడితో సహా తగలబెట్టింది. వేల మంది చూశారు. నేషనల్ గార్డ్ సైనికులు ఊళ్ళోనే సిద్ధంగా ఉన్నారు, షెరీఫ్ రమ్మని అడగలేదు, వాళ్ళు కదల్లేదు. ఆ తర్వాత ఊళ్ళో ఉన్న కొద్దిపాటి నల్లజాతి కుటుంబాల్లో చాలామంది వెళ్ళిపోయారు. జనాభా లెక్కలో పదికి తొమ్మిది అని రాశానే, ఆ తొమ్మిదిలో ఇది కూడా ఉంది. ఇంకోటి, పడమటి వైపు స్కిడ్‌మోర్ అనే చిన్న ఊరు, రెండొందల పైచిలుకు జనం, 1981 జూలైలో కెన్ రెక్స్ మెకెల్‌రాయ్ అనే రౌడీని పట్టపగలు నడివీధిలో కాల్చి చంపారు, నలభై మందికి పైగా అక్కడే ఉన్నారు, అతని భార్య తప్ప ఎవరూ నోరు విప్పలేదు, ఇప్పటిదాకా ఎవరికీ శిక్ష పడలేదు. నెట్‌లో నాడవే కౌంటీ అని కొడితే మొదట ఈ కథే వస్తుంది, అది చూసి మా అమ్మ రాత్రంతా నిద్రపోలేదు. నేనున్న మూడున్నరేళ్ళలో నాకు ఆ ఊళ్ళో తగిలిన భయాలు రెండే, ఒకటి జనవరి చలి, రాత్రిళ్ళు మైనస్ పది మామూలు, గాలి తోడైతే ఇంకా కిందికి, రెండోది సాయంత్రం చీకటి పడేటప్పుడు 71 మీదకి దూకే జింకలు. నవంబర్‌లో చీకటి పడ్డాక డ్రైవింగ్ వద్దని గట్టిగా చెప్పండి, ఇన్సూరెన్స్ వాళ్ళు కూడా అదే చెబుతారు. వసంతంలో టోర్నడో సైరన్ మోగితే బాల్కనీలోకి వచ్చి వీడియో తీయకుండా బేస్‌మెంట్‌లోకి పొమ్మనండి, మనవాళ్ళంతా మొదటిసారి వీడియోనే తీస్తారు.

చివరగా కౌంటీ సీట్‌తో మీ అమ్మాయికి నిజంగా పడే పని ఒకటుంది, అందుకే ఇంత చెప్పాను. మిస్సోరీలో కారుకి కౌంటీ ఏటా పన్ను వేస్తుంది, జనవరి 1న కారు ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళకి. ఆ పన్ను రసీదు చూపిస్తేనే నంబర్ ప్లేట్ ఇస్తారు. కొత్తగా వచ్చినవాళ్ళకి రసీదు ఎక్కడుంటుంది, ఉండదు, అందుకని కౌంటీ అసెసర్ ఆఫీసుకి వెళ్ళి నాకు ఇదివరకు ఇక్కడ కారు లేదు, పన్ను బాకీ లేదు అని ఒక కాగితం రాయించుకోవాలి, జనం వాడుకలో ట్యాక్స్ వేవర్ అంటారు. నేను తెలియక నేరుగా ప్లేట్ల ఆఫీసుకి వెళ్ళి గంట క్యూలో నిలబడి వెనక్కి వచ్చాను. అసెసర్ కౌంటర్‌లో ఒక ముసలావిడ, పాస్‌పోర్ట్ చూసి నా ఇంటిపేరు మూడుసార్లు పలకడానికి ట్రై చేసి, నాలుగోసారి నన్నే కాగితం మీద రాయమంది, రాశాక అక్షరాలు లెక్కపెట్టి మా గడిలో పట్టదు బాబూ అని నవ్వింది. చివరి రెండక్షరాలు లేకుండానే ప్రింట్ అయ్యింది. అలా అయితే అక్కడే సరిచేయించుకోమనండి, లేకపోతే ప్లేట్ల దగ్గర మళ్ళీ తిప్పుతారు. పదేళ్ళు దాటిన కారైతే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ కాగితం కూడా అదే రోజు పట్టుకెళ్ళమనండి.